వాసన లేనోని వాసనలు

జరుగుండ్రి, జరుగుండ్రి. పొగ వచ్చే దిక్కే మొఖం పెట్టుకొని కూసున్నరేంది? గాలి ఇటు మళ్లింది. పెద్దపిల్లా, నువ్వు ఆ పీట మీద కూసో. ఈ పచ్చి తుమ్మ మొద్దును నెగట్ల ఎవలేసిండ్రు? నువ్వేనా చిన్నోడా? ఇగ విను దాని ఏడుపు. ఒక కొస కాలుతుంటె ఇంకో కొసకు నురగ ఎట్ల తేలుతున్నదో చూడు. లోపలి నీళ్లు ఎల్లేదాక అది మండదు, మనల మండనియ్యదు.

పొద్దుగాల పెద్దపిల్ల అరుగు మీద తిరుక్కుంట చదువుతుంటె విన్న. హైడ్రోజన్ దీనితోని కలిస్తె ఇది, దానితోని కలిస్తె అది అని ఒకటే బట్టీ. నాకు నవ్వొచ్చింది. ఆ హైడ్రోజన్ తోని నేను ముప్పై ఏడేండ్లు సంసారం చేసిన బిడ్డా. 1966ల బడిల చేరిన, 2003ల దిగిన. పంతుల్ని కాదు, ల్యాబు అటెండర్ని. సీసలు కడిగేటోన్ని. మెట్రిక్ రెండుసార్లు తప్పిన. అయినా సీస మూత సగం తిప్పంగనే లోపల ఏమున్నదో చెప్పేటోన్ని. నా చదువంత ముక్కుతోని నేర్చిందే.

ఆ ముక్కుకు చిక్కనిది ఒక్కటే. అదే ఈ హైడ్రోజన్. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లోకంల అన్నిటికన్న తేలికది. కని నాకు యాదికున్న వాసనలల్ల సగం దానివేనని నాకు చానా ఆలస్యంగ తెలిసింది. ఒక్కడే ఉన్నప్పుడు ఉన్నడా లేడా తెల్వదు. ఎవనితోనన్న జతగట్టిండా, ఇగ ఊరంత వాసనే.

మా బడిల ల్యాబంటె ఏదో అనుకోకుండ్రి. రేకుల గది, రెండు బల్లలు, తాళమేసే ఒక అల్మారా. మా సైన్సు సారు ధోతి కట్టేటోడు. ఆ ధోతికి యాసిడ్ చుక్కలు పడి అక్కడక్కడ బొక్కలు. ఆయన భార్య కుట్టి కుట్టి అలిసిపోయి, 'బడికి ఒకటే ధోతి కట్టుకపో' అని ఖరారు చేసిందట.

ఏటా చలికాలం ఆయన తొమ్మిదో తరగతోళ్లకు హైడ్రోజన్ చేసి చూపెడుతుండె. సీసల జింకు ముక్కలేసి, పైనుంచి గరాటల నీళ్లు కలిపిన గంధకామ్లం పోస్తె బుసబుస పొంగేది. వంకర గొట్టంల నుంచి బుడగలొచ్చి, నీళ్ల తొట్టిల బోర్లించిన గాజు గొట్టంలకెక్కేటియి. ఆ గొట్టం మూతి కాడ అగ్గిపుల్ల పెడితె 'టప్' మనేది. ఆ ఒక్క టప్పు కోసం పోరగాండ్లు ఏడాదంత ఎదురుచూసేటోళ్లు.

టప్పు అయినంక బయట గంట కొడితె అందరు ఉరికేది. అసలు సంగతి అప్పుడు మొదలయ్యేది. సన్న మూతి గొట్టం పెట్టి, లోపలి గాలంత పోయిందాక ఆగి, గ్యాసును అంటిచ్చేటోడు సారు. ఆ మంట మీద పొడిగుడ్డతోని తుడిచిన సల్లటి గాజు పలక పట్టేటోడు. పలక మీద తెల్లటి తేమ పట్టేది. తేమ చుక్కయ్యి జారేది. 'ఏమోయ్, ఇవి ఎక్కడి నీళ్లు?' అని నన్నడిగిండు మొదటిసారి. పైకప్పు కారుతున్నదేమోనని నేను మీదికి చూసిన. చలికాలంల వాన ఎక్కడిది! 'నిప్పుల పుట్టిన నీళ్లోయ్ ఇవి' అన్నడు.

నేను నమ్మలే. నిప్పు, నీళ్లు దాయాదులని మా అవ్వ చెప్పంగ విన్నోన్ని. నిప్పుల నుంచి నీళ్లెట్ల వస్తయి? అప్పుడు సారు చెప్పిండు. 1766ల లండన్‌ల కావెండిష్ అనేటాయన ఈ గ్యాసును పట్టి 'మండే గాలి' అన్నడట. మస్తు పైసలున్నోడు, కని మనుషులతోని మాట్లాడాలంటె భయపడేటోడట. ఆయననే అది మండితె నీళ్లు పుడుతున్నయని చూసిండు. పారిస్‌ల లవోయిజే అనేటాయన 'ఇగ నీళ్లను మూలపదార్థం అనకుండ్రి, అవి రెండు కలిసి అయినయి' అని తేల్చి, దీనికి హైడ్రోజన్ అని పేరు పెట్టిండు. గ్రీకు మాటల నుంచి తీసిండు, నీళ్లను పుట్టిచ్చేది అని అర్థం. మా కాలం తెలుగు పుస్తకాలల్ల ఉదజని అని ఉండె. ఉదకం అంటె నీళ్లే కదా. నాకైతె ఆ పేరే మంచిగనిపిస్తది. పేరుల్నే పాఠమున్నది. మీ పుస్తకాలల్ల అది కనబడతలేదు.

నమ్మకం లేకుంటె రేపు పొద్దుగాల మీ నాయనమ్మ చాయ గిన్నె పొయ్యి మీద పెట్టంగ చూడుండ్రి. సల్లటి గిన్నె గ్యాసు మంట మీద పెట్టంగనే బయట అడుగుకు చెమట పడ్తది. గిన్నె కారుతున్నదని నాయనమ్మ ఒకసారి దాన్ని బజార్ల మార్చుకొచ్చింది. కొత్త గిన్నెకు సుత చెమట పట్టింది. ఆ చెమట గ్యాసుల ఉన్న హైడ్రోజన్ మండి పుట్టిన నీళ్లు. గిన్నె వేడైతె ఆవిరై పోతయి.

ఈ గీత చూసిండ్రా, బొటనవేలు కింద? ఇది సుత ఆ నీళ్లు పుట్టినప్పటిదే. 1971. నా పెండ్లి కుదిరిన ఏడు. సారు లేని దినం నేనే పెద్దసారు లెక్క నలుగురు పోరగాండ్లను పిలిచి ఆట మొదలుపెట్టిన. గాలి పోయిందాక ఆగాలె కదా, ఆగలే. సీసల గాలి, గ్యాసు కలిసే ఉన్నయి. అగ్గిపుల్ల గియ్యంగనే టప్పు కాదు, ధడేల్ మన్నది. సీస తుక్కుతుక్కయింది. గాజు పెంక ఇక్కడ దిగింది. పిల్లలకు ఏం కాలే, అది నా అదృష్టం. సారు వచ్చి కట్టు కట్టుకుంట తిట్టలే. లెక్క చెప్పిండు. గాలిల ఇది నూటికి 4 పాళ్ల నుంచి 75 పాళ్ల దాక ఎంత కలిసున్నా అంటుకుంటదట. రెండు పాళ్లు ఇది, ఒక పాలు ఆక్సిజన్ అయితె చప్పుడు అన్నిటికన్న పెద్దది. నీళ్లల్ల ఉన్న లెక్క సుత అదే, రెండుకు ఒకటి. 'నువ్వు చేసింది చిటికెడు నీళ్లే, కాకపోతె జర తొందరపడి చేసినవ్' అన్నడు.

ఓదెల మల్లన్న జాతరల బుగ్గలాయన యాదికున్నడు నాకు. గాలి బుగ్గలంటె ఇప్పుడు నోటితోని ఊదుతున్నరు, పంపుతోని కొడుతున్నరు. అవి కింద పడ్తయి. ఆ రోజులల్ల బుగ్గ చేతుల నుంచి జారితె ఆకాశానికే. ఆయన కాడ ఒక ఇనుప డబ్బ ఉండె. దాంట్ల చిత్తు అల్యూమినియం తునకలు, కాస్టిక్ సోడా, నీళ్లు పోసి బిగిస్తుండె. డబ్బ కాలిపోయేది, తడి గోనెసంచి కప్పుతుండె. ఎవలన్న బీడి ముట్టిస్తె తిట్లతోని ఉరికిచ్చేటోడు. పొగరుబోతని మేమనుకున్నం. నా చెయ్యి కోసుకున్నంక ఆయన బీడీలను ఎందుకు తిట్టిండో ఎరుకైంది.

బుగ్గ అంటె ఇంకో ముచ్చట. 1783 ఆగస్టు 27 నాడు పారిస్‌ల చార్లెస్ అనే పంతులు పెద్ద పట్టుబట్ట బుగ్గను మొదటిసారి ఈ గ్యాసుతోని ఇడిచిండు. దాన్ని నింపనీకి అర టన్ను ఇనుప తునకలు, పావు టన్ను గంధకామ్లం అయినయట. మా సారు సీసల చేసిన పనే, ఆయన పీపాలల్ల చేసిండు. బుగ్గ పైకి పోయి, మబ్బులల్ల కలిసి, ముప్పావు గంటకు గోనెస్ అనే పల్లెల పడ్డది. పొలంల పడి దొర్లుతున్న దాన్ని చూసి ఊరోళ్లు ఏందో భూతమనుకున్నరు. కత్తులు, గడ్డి లాగే కొంకి కర్రలు పట్టుకొని దాని మీద పడ్డరు. పొడిస్తె లోపలి నుంచి బుస్సుమని కంపు గాలి. ఇగ భూతమే అని ఖాయం చేసుకున్నరు.

ఆగు, ఆగు, నాకు తెలుసు నువ్వేమడుగుతవో. వాసన లేదంటివి కదా తాతా, కంపెక్కడిదని. చెడిపోయిన ఇనుములనో యాసిడ్‌లనో గంధకం గిట్ల ఉంటె, హైడ్రోజన్ దాన్ని సుత పట్టుకొని వస్తది. కంపు ఆ జంటది. ఒంటరిది కాదు. తర్వాత సర్కారు చాటింపు పెట్టిందట, ఆకాశంల నల్లటి చంద్రుని లెక్క ఏమన్న కనబడితె భయపడకుండ్రి అని.

ఇగ గంధకంతోని జతగట్టినప్పటి కథ చెప్పిన కాబట్టి నా పెండ్లాం పట్టీల సంగతి చెప్పాలె. అరె, లోపలి నుంచి దగ్గుతున్నది, వింటున్నది. పెండ్లయిన కొత్తల వెండి పట్టీలకు మెరుగు పెట్టిస్తనని అంగీ జేబుల ఏసుకొని బడికి పోయిన. ఆ దినం సారు ఇనుప సల్ఫైడు గడ్డల మీద యాసిడ్ పోసి కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చే గ్యాసు చేపిచ్చిండు. హైడ్రోజన్ సల్ఫైడు. పక్క తరగతి పంతులమ్మ పిల్లలను తోలుకొని చెట్టుకిందికి పోయింది. సాయంత్రం అవుసులాయన దుకాణంల జేబులకెల్లి తీస్తె పట్టీలు నల్లగ దీపం మసి లెక్క! గంధకం వెండిని పట్టుకున్నది, హైడ్రోజన్ తనదారిన తాను పోయింది. ఇంటికి పోతె, 'మా నాయిన వెండని చెప్పి ఇనుము పెట్టిండంటవా?' అని మూడు దినాలు మాటల్లేవు. అవుసులాయనతోని మెరుగు పెట్టిచ్చినంకనే బువ్వ పెట్టింది.

ఆ వాసనను నమ్ముకోవద్దు బిడ్డా. ఎక్కువైతె అది ముక్కునే మొద్దుబారుస్తది. వాసన పోయిందనుకుంటరు, పోయింది వాసన కాదు, ముక్కు. ఏండ్లకేండ్లు మూసిపెట్టిన మోరీలల్ల దిగినోళ్లు పానం ఇడిచేది గిట్లనే.

ముక్కుకు దొరకనిది ఇంకోటున్నది. మా బామ్మర్ది సింగరేణి బొగ్గుబాయిల పనిచేసిండు. బాయిల గ్యాసు అంటె మీథేన్, ఒక కార్బన్‌కు నాలుగు హైడ్రోజన్లు. తేలికది కాబట్టి పైన కప్పుకు అంటుకొని ఉంటది, వాసన అసలే రాదు. దానికోసం పనోళ్లను చూసుకునే సర్దారు చేతుల జాలి దీపం పట్టుకొని, దాన్ని కప్పు దిక్కు లేపి చూసేటోడట. దీపం మంట మీద నీలంగ టోపీ పెట్టినట్టు కనబడితె గ్యాసున్నట్టు. టోపీ పెద్దగైతె పనోళ్లందరిని బయటికి తోలేటోడు. 1815ల డేవీ అనేటాయన చేసిన దీపం అది. మంట చుట్టు సన్న తీగెల జల్లెడ ఉంటది, లోపలి వేడి జల్లెడ దాటి బయటి గ్యాసును అంటియ్యదు. ముక్కు చెయ్యలేని పని కన్ను చేసింది. మన పెరట్ల పేడగ్యాసు సుత ఆ మీథేనే. బొగ్గుబాయిల మనుషుల్ని చంపింది, మన పొయ్యిల అన్నం వండింది.

మరి ఇప్పటి సిలిండర్ గ్యాసు వాసన వస్తది కదా అంటవా? దాని సొంతానికి పెద్ద వాసన లేదు. కారితె తెల్వాలని కంపెనీలోళ్లే చటాకు కంపు కలుపుతరు. ఆ కంపుల సుత గంధకం, హైడ్రోజన్ ఉన్నయి చూడు.

కార్బైడ్ దీపాలు మీరు చూడలే. ఊళ్ల ఒగ్గుకథ పెడితె తెల్లారేదాక అవే. కింద డబ్బల కార్బైడ్ రాళ్లు, మీద నీళ్లు. చుక్కచుక్క పడ్తుంటె గ్యాసు లేస్తది, మూతి కాడ ముట్టిస్తె తెల్లటి ఎలుగు. నీళ్లల్ల ఉన్న హైడ్రోజన్ పోయి రాయిల ఉన్న కార్బన్‌తోని కూడి ఎసిటిలీన్ అయితది. అదే ఎల్లిగడ్డ లెక్క వాసనుంటుండె. ఒగ్గుకథ అంటె ఇప్పటికి నాకు ముందుగాల ఆ వాసనే యాదికొస్తది, డోలు చప్పుడు తర్వాత. సారును అడిగితె, అది ఎసిటిలీన్ వాసన కాదోయ్, రాయిల భాస్వరం మలినముంటది, హైడ్రోజన్ దాన్ని సుత పట్టుకున్నది, ఆ ఫాస్ఫీన్ వాసన అన్నడు. చూసినవా, ఒక్క దీపంల రెండు జంటలు. తర్వాత కరెంటొచ్చింది, కార్బైడ్ వెల్డింగు దుకాణాలకు పోయింది. అక్కడి నుంచి మామిడికాయల గంపలకు పోయింది. కాయలు మగ్గపెట్టనీకి దాన్ని వాడొద్దని చట్టమున్నది. అయినా ఎండకాలం కొన్ని గంపల కాడ నాకు ఒగ్గుకథ వాసన వస్తది. నేను కొనకుంటొస్త.

జర ఆ ఎండు కట్టె ఎగదొయ్యి. ఆఁ. ఇప్పుడు అసలు ముచ్చట. ఇన్ని వాసనలల్ల నా కండ్లు తెరిపిచ్చింది కళాయి వాసన.

మా చిన్నప్పుడు ఇంటింట ఇత్తడి గిన్నెలే. పులుసు ఒండితె చిలుము ఎక్కేది, తిన్నోళ్లకు కడుపుల తిప్పేది. ఏడాదికి రెండుసార్లు కళాయాయన వచ్చి, ఏపచెట్టు కింద గుంత తవ్వి, తిత్తి పెట్టి, బొగ్గులు రాజేస్తుండె. గిన్నె ఎర్రగ కాలినంక తెల్లటి పొడి చల్లుతుండె. నవాసారం, ఆయన నౌసాదర్ అనేటోడు. చల్లంగనే తెల్లటి పొగ గుప్పుమని లేచి కండ్లల్ల, ముక్కుల గుచ్చుకునేది. మేం దగ్గుకుంట ఉరికి, పొగ తగ్గంగనే మళ్ల చుట్టు మూగేటోళ్లం. ఎందుకంటె తర్వాతది జాదూ. తగరం కడ్డీని గిన్నెకు ఇట్ల అంటిచ్చి, దూది ఉండతోని గిర్రున తిప్పేటోడు. పచ్చటి గిన్నె లోపలంత వెండి అయ్యేది.

ఇరవై ఏండ్లకు, ఒక దినం ల్యాబుల రెండు సీసలు కడిగి పెడుతున్న. ఒకటి అమ్మోనియా, ఒకటి హైడ్రోక్లోరిక్ యాసిడ్. రెండిట్ల ఏ వాసనా ఆ కళాయి వాసన కాదు. రెండిటి మూతలు ఒక్కసారే తీసి పక్కపక్కన పెట్టిన, అట్ల పెట్టొద్దని నాకెవలు చెప్పలే. రెండు మూతుల నడుమ గాలిల తెల్లటి పొగ పుట్టింది! సీసలల్ల పొగ లేదు, నడుమ ఉన్నది. అదే పొగ. ముక్కు చెప్పింది, ఏపచెట్టు కింది పొగ అని. నేను ఆ బల్ల కాడనే నిలబడిపోయిన.

సారు నవ్వి విడమరిచిండు. అమ్మోనియా అంటె ఒక నత్రజనికి మూడు హైడ్రోజన్లు. ఆ యాసిడ్ గ్యాసు అంటె ఒక క్లోరిన్‌కు ఒక హైడ్రోజన్. రెండిట్ల ఉన్నది ఒకడే. కాకపోతె అక్కడ క్షారం బుద్ధి, ఇక్కడ ఆమ్లం బుద్ధి. రెండు కలిస్తె నవాసారం, తెల్లటి ఉప్పు. వేడి గిన్నె మీద పడితె ఆ ఉప్పు మళ్ల రెండుగ చీలుతది. యాసిడ్ గ్యాసు ఇత్తడి మీది చిలుమును తినేస్తది, అప్పుడే తగరం అంటుకుంటది. మిగిలినయి పైకి లేచి, గాలిల చల్లబడి మళ్ల కలిసి పొగయితయి. మెట్రిక్ మొఖం చూడని ఆ కళాయాయన దినాం ఏపచెట్టు కింద ఆ జంటను ఇడగొట్టి కలుపుతుండె. దూది పెట్టి తుడిసిన తీరు చూస్తె, పొడి ఎప్పుడు చల్లాలె, ఎంత చల్లాలె అన్నది ఏ సారు కన్న ఎక్కువ ఎరుక ఆయనకు. స్టీలు గిన్నెలొచ్చినంక మళ్ల రాలే ఆయన.

ఆ అమ్మోనియా పేరు సుత ఎక్కడినుంచో వచ్చింది. ఈజిప్టు దిక్కు ఎడారిల అమ్మోన్ అనే దేవుని గుడి ఉండెనట, ఆ పేరు. అక్కడోళ్లు ఒంటె పేడ కాల్చి ఆ మసి నుంచి నవాసారం తీసేటోళ్లట. మనకు కొత్తేం కాదు. పొద్దుగాల పశువుల కొట్టం తలుపు తెరవంగనే ముక్కులకు కొట్టే ఘాటు ఏందనుకున్నరు? అమ్మోనియానే. మా నాయిన ఆ ఘాటును బట్టి పెంట ఎరువు ఎంత మాగిందో చెప్పేటోడు. ఘాటు ఎక్కువొస్తున్నదంటె బలం గాలిల పోతున్నదిరా, మీద మట్టి కప్పు అనేటోడు.

తర్వాత ఊళ్లెకు తెల్లటి యూరియా సంచులొచ్చినయి. మా నాయిన పిడికెడు తీసుకొని వాసన చూసి, 'ఇది ఉప్పు లెక్కున్నది, దీంట్ల బలమెక్కడిది?' అన్నడు. రెండేండ్లకు ఆయననే సంచి కోసం లైన్ల నిలబడ్డడు.

అప్పటికి లోకంల అంతకన్న పెద్ద పని అయిపోయి ఉండె. గాలిల నూటికి 78 పాళ్లు నత్రజనే, కని అది ఎవనితోని కలవదు, మహా మొండిది. జర్మనీల హేబర్ అనేటాయన 1909ల దాన్ని హైడ్రోజన్‌తోని కలిపి చూపెట్టిండు. ఆస్మియం అనే లోహం నడిమి పెద్దమనిషి, ఐదారు వందల డిగ్రీల వేడి, దగ్గర దగ్గర రెండు వందల గాలుల ఒత్తిడి. అంత చేస్తె అయింది ఆ పెండ్లి. బాష్ అనేటాయన దాన్ని 1913ల ఓపావు అనే ఊళ్లె ఫ్యాక్టరీకి ఎక్కిచ్చిండు. అదే హేబర్ 1915ల యుద్ధంల క్లోరిన్ గాలిని ఇడిపిచ్చి మనుషుల్ని చంపిచ్చిండు. లోకానికి బువ్వ పెట్టినోడు అంటరు ఆయనను, ఆ మాట నాకు గొంతుల దిగదు.

మన రామగుండంల ఆ పని బొగ్గుతోని చేసిండ్రు. 1980ల మొదలైంది. మా ఊరోళ్లు చానమంది అండ్ల పనికి పోయిండ్రు. అప్పుడు నాకు ఒక సందేహం. యూరియాల హైడ్రోజన్ ఉన్నది, నత్రజని గాలిల నుంచి వస్తది, మరి హైడ్రోజన్ ఎక్కడినుంచి తెస్తరు? అండ్ల పనిచేసే దోస్తు ఒకడు నవ్విండు. 'నీళ్లల్ల నుంచేరా. ఎర్రగ మండే బొగ్గు మీద ఆవిరి పంపుతరు. బొగ్గు పోయి నీళ్లల్ల ఉన్న ఆక్సిజన్‌ను గుంజుకుంటది. హైడ్రోజన్ బయటపడ్తది' అన్నడు. చిన్నోడా, నిన్న నువ్వడిగినవ్ కదా, నీళ్లు పోస్తె మంట ఆరుతది, మరి నీళ్లల్ల మండేది ఎట్ల ఉంటదని? ఇదే జవాబు. మంటను ఆర్పే నీళ్లే, బొగ్గు ఎర్రగ కాలుతున్నప్పుడు సన్నగ ఆవిరిగ పంపితె, మండే గ్యాసయితయి. ఎంత పోసినం, ఎట్ల పోసినం అన్నదాన్ని బట్టి.

ఆ ఫ్యాక్టరీ 1999ల మూతపడ్డది. క్వార్టర్లల్ల గడ్డి మొలిచింది. 2021ల కొత్తగ మళ్ల మొదలైంది, ఇప్పుడు బొగ్గు కాదు, పైపులల్ల వచ్చే సహజవాయువు. అంటె మళ్ల ఆ మీథేనే. యూరియా సంచి మా కాలంల 50 కిలోలు, ఇప్పుడు 45. మోసేటోళ్లకు నడుము నొప్పి తగ్గింది, అంతే ఫాయిద.

డాల్డా సంగతి ఒక్కమాటల చెప్త, మీ నాయనమ్మకు కోపం. పచ్చ డబ్బ, దాని మీద ఖర్జూరం లాంటి చెట్టు బొమ్మ. 1937 నుంచే దేశంల ఉండె, మా ఇంటికి పెండ్లిళ్లకు మాత్రమే వచ్చేది. అది పాలల్ల నుంచి రాలే. నూనెల నికెల్ పొడి కలిపి హైడ్రోజన్‌ను పంపుతె, నూనె అణువుల ఖాళీగ ఉన్న చేతులు దాన్ని పట్టుకుంటయి, పారే నూనె గడ్డకడ్తది. హైడ్రోజన్‌ను గట్టిగ మనం తిన్నమంటె అదే. సగం సగం చేసి ఆపినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెకు చెడ్డయని తేలి, 2022 నుంచి నూటికి 2 మించొద్దని ఆర్డరొచ్చింది. మా అవ్వ అయితె ఆ ఆర్డరు 1958లనే ఏసింది. నెయ్యి కాని దానికి నెయ్యి ఏషమెందుకని డబ్బ ముట్టలే. డబ్బ ఖాళీ అయినంక మాత్రం దాంట్ల తులసి చెట్టు పెట్టింది.

పెద్దపిల్లా, నిద్రొస్తున్నదా? ఒక్కటి చెప్పి ఇడిచిపెడ్త, ఇది నీ పరీక్షల వస్తది. ఆక్సిజన్, గంధకం ఒకే ఇంటోళ్లు. ఇద్దరు రెండేసి హైడ్రోజన్లను పట్టుకుంటరు. గంధకం బరువైనోడు, అయినా ఆయన జంట మైనస్ 60 డిగ్రీలకే మరిగి గాలయితది, కంపు గొడ్తది. ఆ వరుసల లెక్క కడితె నీళ్లు ఇంక తక్కువ వేడికే, మైనస్ 70, 80 కాడనే మరగాలె. అట్ల మరిగితె గోదావరి ఎక్కడిది, మనమెక్కడ. కని నీళ్లు 100 దాక పట్టుకొని ఉంటయి. ఎందుకంటె ఆక్సిజన్ మహా గుంజుడుగాడు. తన హైడ్రోజన్ సొమ్మును తన దిక్కు లాక్కుంటడు. వట్టి చేతుల హైడ్రోజన్ పక్క నీటి అణువుల ఆక్సిజన్ దిక్కు చెయ్యి చాపుతది. ఒకదాని చెయ్యి ఒకటి పట్టి, బతుకమ్మ చుట్టు ఆడోళ్లు తిరిగినట్టు, పట్టుకుంటయి, ఇడుస్తయి, మళ్ల పట్టుకుంటయి. గడ్డకట్టినప్పుడు చేతులు చాచి దూరం దూరం నిలబడ్తయి, అందుకే మంచుగడ్డ నీళ్ల మీద తేలుతది. దీన్ని సారు బోర్డు మీద గీసిన దినం నేను డస్టర్ పట్టుకొని తుడవబుద్ధి కాక పక్కకు నిలబడ్డ. ఆ బొమ్మ రెండు దినాలు ఉండె.

అవే నీళ్లల్ల బరువు హైడ్రోజన్ ఏడువేలల్ల ఒకటి ఉంటది. మణుగూరు పక్కన అశ్వాపురంల గోదావరి నీళ్ల నుంచి దాన్ని ఏరుతరు. దేనితోని ఏరుతరో తెలుసా? మీ నాయనమ్మ పట్టీలను నల్లగ చేసిన ఆ కోడిగుడ్డు కంపు గ్యాసుతోని. బరువు హైడ్రోజన్ గ్యాసుల నుంచి నీళ్లకు, నీళ్ల నుంచి గ్యాసుకు సీటు మార్చుకుంట పోతది. ఈ సంగతి చెప్తె మీ నాయనమ్మ ఏమన్నదో తెలుసా? 'అయితె సర్కారు సుత నా పట్టీలు గుంజుకపోతదా?' అన్నది.

ఇగ చాలు, మంచు పడ్తున్నది. చిన్నోడా, ఆ చెంబు ఇటు తే. బొగ్గుల మీద చల్లు, ఒక్కసారి కుమ్మరియ్యకు, దూరంగ నిలబడి చల్లు. ఆఁ, అట్ల. తుమ్మ మొద్దును మాత్రం పక్కకు జరుపు, రేపు ఎండల పెడదం.